ఎనిమిది వేల రూపాయల కాలేజీల జాబితా: ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల కన్సల్టెన్సీతో మా అనుభవం

మా అక్క కూతురికి 2025 తెలంగాణ ఎప్‌సెట్‌లో 16 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. మా జనగామలో ఇప్పటికీ అందరూ దాన్ని ఎంసెట్ అనే పిలుస్తారు. మెడికల్ సీట్లు నీట్‌కు వెళ్లిపోయిన చాలా ఏళ్లకు, 2024లో గానీ తెలంగాణలో ఆ పరీక్ష పేరు మారలేదు. అక్కా బావా టైలరింగ్ షాపు నడుపుతారు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. మా ఇంట్లో ఇంజనీరింగ్‌లో చేరబోయే మొదటి మనిషి ఈ అమ్మాయే కాబట్టి, వెబ్ ఆప్షన్లు (కోరుకునే కాలేజీ, బ్రాంచీల ఆన్‌లైన్ జాబితా) ఎలా పెట్టాలో, ఏ కాలేజీని ఏ కాలేజీ తర్వాత రాయాలో మాలో ఎవరికీ స్వయంగా తెలియదు. ఒకసారి ఫ్రీజ్ చేసిన, అంటే ఖరారు చేసిన, ఆప్షన్లను ఆ విడతలో మళ్లీ మార్చుకోలేమని విన్నప్పటి నుంచి అక్కకు నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పగా హైదరాబాద్‌లోని ఒక అడ్మిషన్ల కన్సల్టెన్సీకి వెళ్లాం. వచ్చే ఏడాది ఇదే అయోమయంలో పడబోయే తల్లిదండ్రుల కోసం ఆ సేవ ఎలా ఉందో రాస్తున్నాను.

వాళ్లు తీసుకున్న రుసుము ఎనిమిది వేల రూపాయలు. దానికి బదులుగా గంటసేపు ముఖాముఖి మాట్లాడటం, ధ్రువపత్రాల పరిశీలన, ర్యాంకుకు తగిన ఆప్షన్ల జాబితా, చివరి విడత వరకు వాట్సాప్‌లో సందేహాలకు సమాధానాలు ఇస్తామన్నారు. ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో మాలాంటి బీసీ కుటుంబం కట్టే ప్రాసెసింగ్ రుసుము 1,200 రూపాయలు, ఎస్సీ ఎస్టీ విద్యార్థులకు 600. అంటే సీటు కేటాయించే అసలు వ్యవస్థకు కట్టినదానికి ఆరు రెట్లకు పైగా, ఆ వ్యవస్థలో ఏం నింపాలో చెప్పినవాళ్లకు కట్టాం. ఆ ఎనిమిది వేలు అక్క దగ్గర ఉన్నవి కావు. సీజన్‌లో కుట్టిన స్కూల్ యూనిఫాంలకు రావాల్సిన డబ్బును ముందుగా అడిగి తెచ్చింది.

మొదట మేలు జరిగిన సంగతి చెప్పాలి. ధ్రువపత్రాలు చూసిన ఉద్యోగిని పని తెలిసిన మనిషి. ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయినదే కావాలని, మా దగ్గరున్నది అంతకు ముందుదని చూడగానే చెప్పింది. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు వరుసగా పెట్టించి, మధ్యలో ఒక ఏడాదిది లేదని గుర్తించింది. అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా బడి మారిన సంగతి మేమే మరిచిపోయాం. ఈ రెండు లోపాలతో హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లి ఉంటే వెనక్కి తిరిగి రావలసి వచ్చేది, ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత కూడా చిక్కుల్లో పడేది. స్లాట్ బుక్ చేసుకోకముందే మీసేవలో కొత్త ఆదాయ పత్రం తీసుకున్నాం. సర్టిఫికెట్ల పరిశీలన రోజున పావుగంటలో బయటపడ్డాం. ఆమె ఓపికకు అక్క ఇప్పటికీ కృతజ్ఞతలు చెప్పుకుంటుంది.

జాబితా దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తారుమారైంది. రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో 62 ఆప్షన్లతో ఒక పట్టిక పంపారు. మొదటి పదిహేను ఆప్షన్లకు ఆకుపచ్చ రంగు వేసి ‘తప్పక వచ్చేవి’ అని, తర్వాతివాటికి పసుపు రంగుతో ‘రావచ్చు’ అని, అడుగున ఉన్నవాటికి ఎరుపుతో ‘కష్టం’ అని రాశారు. చూడటానికి పద్ధతిగా ఉంది. కానీ ఈ వరుసలోనే పెద్ద తప్పు ఉంది. అది ఎంత పెద్దదో అర్థం కావాలంటే సీట్ల కేటాయింపు ఎలా జరుగుతుందో తెలియాలి.

కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కో అభ్యర్థినీ తీసుకుని, ఆ అభ్యర్థి పెట్టిన మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూస్తూ వస్తుంది. తన కేటగిరీకి ఎక్కడ మొదటిసారి ఖాళీ కనిపిస్తే అక్కడే సీటు ఇచ్చి ఆగిపోతుంది. ఆ కిందున్న ఆప్షన్ల వైపు ఇక చూడదు. కాబట్టి తప్పక వచ్చే కాలేజీని ఒకటో నంబరులో పెడితే అదే వస్తుంది, దాని కింద ఎంత మంచి కాలేజీ రాసినా వృథా. మరోవైపు, అందే అవకాశం తక్కువగా ఉన్న పది కాలేజీలను పైన రాసినందువల్ల పదకొండో ఆప్షన్ చేజారదు. పదకొండో ఆప్షన్ దగ్గర కూడా మన ర్యాంకే చూస్తారు గానీ దాన్ని ఎన్నో నంబరుగా రాశామన్నది చూడరు. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి కూడా లేదు. అందుచేత ఎక్కువగా కోరుకునేదాన్ని పైన, అంతకన్నా తక్కువగా కోరుకునేదాన్ని దాని కింద, అలా చివరి వరకు రాసుకుంటూ పోవాలి. వచ్చే అవకాశాన్ని బట్టి వరుస పెట్టడం ఈ పద్ధతికి పూర్తిగా విరుద్ధం. నేను ఫోన్ చేసి ఈ విషయం అడిగితే, “సార్, పై ఆప్షన్లు వేస్ట్ చేసుకోవద్దు, ముందు సీటు సేఫ్ చేసుకోవాలి” అన్నారు. ఏటా ఎంతోమంది పిల్లలకు జాబితాలు తయారుచేసి ఇచ్చే చోట ఈ మాట వినడం నాకు చాలా బాధ కలిగించింది.

ఆ రాత్రి మేం కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే గత సంవత్సరాల చివరి ర్యాంకుల పట్టికలను (ఏ కాలేజీలో ఏ బ్రాంచి సీట్లు ఏ ర్యాంకు దగ్గర ముగిశాయో చూపేవి) డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయించాం. ఈ పట్టికలో కాలేజీ కోడు, పేరు, ఊరు, జిల్లా, స్థాపించిన సంవత్సరం, బ్రాంచి వరుసగా ఉంటాయి. ఆ తర్వాత ఓసీ అబ్బాయిలు, ఓసీ అమ్మాయిలు, బీసీ-ఏ అబ్బాయిలు, బీసీ-ఏ అమ్మాయిలు అంటూ ఒక్కో కేటగిరీకి రెండేసి గడులు, ఆ వెనుక ట్యూషన్ ఫీజు, అనుబంధ విశ్వవిద్యాలయం ఉంటాయి. గడులు ఇరుకు, అక్షరాలు చిన్నవి. అమ్మాయి కుట్టు స్కేలును వరుస కింద అడ్డంగా పెట్టి, తన కేటగిరీ అయిన బీసీ-బీ అమ్మాయిల గడిని పెన్సిలుతో పైనుంచి కిందికి గీసుకుంటూ వచ్చింది. కన్సల్టెన్సీ పట్టికలోని ఆరో వరుస దగ్గర ఆగి, “మామయ్యా, ఈ అంకె మన గడిలోది కాదు, ఓసీ అబ్బాయిలది” అంది. నేను కూడా స్కేలు పెట్టి చూశాను. నిజమే. అలాంటివి మొత్తం తొమ్మిది దొరికాయి. ఈ పొరపాటు వల్ల అమ్మాయి ర్యాంకుకు అందే అవకాశమున్న మూడు కాలేజీలు ఎరుపు రంగు వేసుకుని అడుగున పడి ఉన్నాయి.

అంతటితో అయిపోలేదు. ఆ పట్టికలో ఉన్న ఒక బ్రాంచి ఆప్షన్లు పెట్టే పేజీలో కనిపించనే లేదు. ఆ కాలేజీ దాన్ని ఎత్తేసి కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకుంది. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఒక్కో బ్రాంచిలో సీట్లకున్న గరిష్ఠ పరిమితిని తొలగించాక ఇలాంటి మార్పులు వేగంగా జరుగుతున్నాయి. దీని ప్రభావం చివరి ర్యాంకుల మీద కూడా పడుతుంది. సీట్లు పెరిగిన చోట చివరి ర్యాంకు అంకె పెరుగుతుంది. అందుకే ఒక్క సంవత్సరం పట్టిక చూసి గీత గీయడం ప్రమాదం. మేం మూడు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టుకున్నాం. మొదటి విడత పట్టికను, చివరి విడత పట్టికను కూడా కలిపేయకుండా విడివిడిగా చూసుకోవాలి.

జాబితాలో ఫీజు ప్రస్తావనే లేకపోవడం నాకు అన్నిటికన్నా తీవ్రమైన లోపంగా అనిపించింది. బీసీ విద్యార్థులకు 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ట్యూషన్ ఫీజును ప్రభుత్వం భరిస్తుంది. ఆ ర్యాంకు దాటితే, ప్రత్యేక మినహాయింపులు వర్తించని పిల్లలకు ఏడాదికి గరిష్ఠంగా 35 వేల రూపాయలే ఇస్తుంది. కుటుంబ ఆదాయం పట్టణాల్లో రెండు లక్షలు, గ్రామాల్లో లక్షన్నర దాటకూడదు. 2022లో ఖరారైన కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీట్ల) ఫీజులు కనీసం 45 వేల నుంచి 1 లక్షా 60 వేల వరకు ఉన్నాయి, 2025-26లోనూ అవే కొనసాగాయి. 1 లక్షా 40 వేల ఫీజున్న కాలేజీలో సీటు వస్తే అక్క ఏటా తన చేతి నుంచి 1 లక్షా 5 వేలు, నాలుగేళ్లలో 4 లక్షల 20 వేలు కట్టాలి. 45 వేల ఫీజున్న చోట అదే నాలుగేళ్లకు 40 వేలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం టైలరింగ్ షాపు మీద బతికే ఇంటికి చాలా పెద్దది. గంటసేపు జరిగిన ముఖాముఖిలో మా ఆదాయం, ర్యాంకు, కేటగిరీ అన్నీ రాసుకున్న మనిషి ఈ లెక్క ఒక్కసారి కూడా వేయలేదు. చివరి ర్యాంకుల పట్టికలో ఫీజు గడి చివరన ఉండగా, దాన్ని చూడకుండా జాబితా ఎలా తయారుచేశారో నాకు అర్థం కాలేదు.

మరొక సంగతి కూడా జరిగింది. జాబితా వచ్చిన మూడో రోజున, ఆ పట్టికలో ఆకుపచ్చ రంగులో నాలుగో నంబరుగా ఉన్న కాలేజీ పీఆర్‌ఓనంటూ ఒకాయన అక్కకు ఫోన్ చేశాడు. “మేడమ్, మీ పాప మా కాలేజీ మొదట్లో పెడుతోందని తెలిసింది, బస్సు ఫీజులో తగ్గిస్తాం” అన్నాడు. కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్‌కు ఇచ్చింది నా నంబరు. అక్క నంబరు ఇచ్చింది ఆ కన్సల్టెన్సీకి మాత్రమే. అడిగితే తమకు ఏ సంబంధమూ లేదన్నారు. రుజువు నా దగ్గర లేదు కాబట్టి అంతకు మించి అనను. కానీ ఆ రోజు నుంచి ఆ జాబితాను పక్కన పెట్టి, మా జాబితా మేమే తయారుచేసుకోవాలని నిర్ణయించుకున్నాం.

కన్వీనర్ కోటా సీట్లున్న నూట యాభైకి పైగా కాలేజీల నుంచి ముప్పై నాలుగు ఆప్షన్ల వరకు ఎలా తగ్గించుకున్నామో కొంత వివరంగా చెబుతాను. డబ్బు తీసుకుని ఈ పని చేసేవాళ్లు చేయవలసింది కూడా ఇదే.

మొదట అమ్మాయిని కూర్చోబెట్టి ఏం చదవాలనుందో అడిగాం. కన్సల్టెన్సీలో ఈ ప్రశ్నకు పట్టిన సమయం అర నిమిషం. ఆ అర నిమిషంలో తను ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) అని చెప్పినా, పట్టికలో సగానికి పైగా ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ సీట్లే నింపారు. తనకు సర్క్యూట్లంటే ఇష్టం. షాపులో మోటారు మిషను పెడల్ పాడైతే విప్పి బాగుచేసేది తనే. రెండు గంటల చర్చ తర్వాత ఈసీఈ మొదటిది, మంచి కాలేజీలో ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్) రెండోది, కంప్యూటర్ సైన్స్ మూడోది అని స్థిరపడింది. ఇక్కడే చాలా ఆప్షన్లు పక్కకు తొలగిపోయాయి.

తర్వాత కాలేజీల నాణ్యతను పరిశీలించి ఇచ్చే గుర్తింపుల సంగతి. కాలేజీ బస్సుల మీద పెద్దగా రాసే న్యాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా, నిర్ణీత గడువుతో ఇస్తారు. కంప్యూటర్ సైన్స్‌కు ఎన్‌బీఏ ఉన్నంత మాత్రాన అదే కాలేజీలో ఈసీఈకి ఉన్నట్టు కాదు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరుతో వెతికితే బ్రాంచీల వారీగా గడువు తేదీలు కనిపిస్తాయి. మేం ఎంచుకున్నవాటిలో కొన్నింటికి ఈసీఈ గుర్తింపు గడువు ముగిసిపోయి ఉంది, వాటిని కిందికి దించాం.

ప్లేస్‌మెంట్ల విషయంలో కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ అయిన ఎన్‌ఐఆర్‌ఎఫ్ కోసం కాలేజీలు సమర్పించే సమాచారం మాకు బాగా ఉపయోగపడింది. 2016లో మొదలైన ఈ ర్యాంకింగ్‌లలో పాల్గొనే ప్రతి సంస్థ ఇచ్చే పత్రాన్ని ఎవరైనా చూడవచ్చు. ర్యాంకు ఎంతన్నది వదిలేసి లోపలి గడులు చదవాలి. ఎంతమంది చేరారు, అందులో నాలుగేళ్లకే ఎంతమంది పట్టా పుచ్చుకున్నారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, ఉద్యోగం వచ్చినవాళ్ల మధ్యస్థ జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచిన మనిషిది. ఫ్లెక్సీ మీద ఒక్క విద్యార్థి ఫొటో కింద రాసే అత్యధిక ప్యాకేజీ మిగతా వందల మంది గురించి ఏమీ చెప్పదు. ఇది చెబుతుంది. ఈ అంకెలు బ్రాంచీల వారీగా ఉండవు, అన్నీ కలిపే ఇస్తారు, అది గుర్తు పెట్టుకోవాలి. అయినా రెండు కాలేజీల మధ్య తేల్చుకోలేకపోయిన చోట, నాలుగేళ్లలో పూర్తి చేసినవాళ్ల వాటాను చూసి నిర్ణయించాం.

దూరం కూడా ఖర్చే. గండిపేట దగ్గరి సీబీఐటీ, ఎంజీఐటీ, ఇబ్రహీంబాగ్‌లోని వాసవి, బాచుపల్లి వైపున్న వీఎన్ఆర్, గోకరాజు రంగరాజు కాలేజీలన్నీ హైదరాబాద్‌కు పడమటి వైపున ఉన్నాయి. జనగామ నుంచి రోజూ వెళ్లిరావడం కుదరదు, హాస్టల్ తప్పదు. సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గం మీద మాకు ఒకవైపు ఘట్‌కేసర్ చుట్టుపక్కల కాలేజీలు, మరోవైపు వరంగల్‌లో ఎర్రగట్టు గుట్ట దగ్గర 1980లో మొదలైన కిట్స్ ఉన్నాయి. ఒకే స్థాయిలో ఉన్నాయనిపించిన కాలేజీల్లో రైలు దారికి దగ్గరున్నవాటిని పైన పెట్టాం. కానీ 1929 నాటి ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీని, కూకట్‌పల్లి జేఎన్‌టీయూను మాత్రం అందవని దాదాపు తెలిసినా మొదటి రెండు వరుసల్లోనే రాయించాను. రాసినందువల్ల పోయేదేమీ లేదు.

చివరగా మూడు కాలేజీలకు స్వయంగా వెళ్లాం. అడ్మిషన్ల ఆఫీసులో కూర్చోబెట్టి చూపించేది కాకుండా, సాయంత్రం నాలుగింటికి బస్సులు బయలుదేరే చోట నిలబడి ఈసీఈ మూడో సంవత్సరం పిల్లలతో మాట్లాడాం. ఒక చోట అమ్మాయిలు తమ ల్యాబ్ రికార్డు తెరిచి చూపించారు. ప్రయోగాల్లో తాము గీసిన తరంగాల పక్కన లెక్చరర్ ఎర్ర సిరాతో దిద్దిన కొలతలు ఉన్నాయి. మరో చోట ల్యాబ్ కిటికీలోంచి చూస్తే ఓసిలోస్కోపుల మీద ప్లాస్టిక్ కవర్లు తీసిన జాడ లేదు. మూడో సంవత్సరం అబ్బాయి ఒకడు, సెమిస్టర్ మొత్తంలో నాలుగు ప్రయోగాలే చేశామని మెల్లగా చెప్పాడు. మొదటిది మా జాబితాలో ఏడో స్థానానికి వచ్చింది. రెండోది తీసేశాం. కన్సల్టెన్సీ పట్టికలో మొదటిది 38వ ఆప్షన్, రెండోది 5వ ఆప్షన్.

2025లో మొదటి విడతకు ముందు నమూనా కేటాయింపు ఇచ్చి, దాన్ని చూసి ఆప్షన్లు సవరించుకునే వీలు కల్పించడం మాలాంటివాళ్లకు పెద్ద ఊరట. నమూనాలో అమ్మాయికి పదో ఆప్షన్ వచ్చింది. మేం వరుస మార్చలేదు. అసలు కేటాయింపులో ఏడో ఆప్షన్ వచ్చింది, ఆ ల్యాబ్ రికార్డు చూపించిన పిల్లల కాలేజీయే, ఈసీఈ. మొదటి విడతలో గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు నమోదు) చేయకపోతే సీటు రద్దవుతుంది కాబట్టి ఆ పని మరునాడే పూర్తి చేశాం.

రెండో విడతలో కన్సల్టెన్సీ నుంచి మరొక మేలు జరిగింది, అది కూడా చెప్పడం న్యాయం. రెండో విడతలో పెట్టిన ఆప్షన్లలో ఏది వచ్చినా మొదటి సీటు దానంతటదే రద్దవుతుందని, ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవి ఉంటేనే రాయాలని ఆ ధ్రువపత్రాల ఉద్యోగినే వాట్సాప్‌లో అక్కకు హెచ్చరించింది. మా బంధువుల అబ్బాయి ఒకడు ఈ సంగతి తెలియక పాత జాబితానే మళ్లీ పెట్టి, ఉన్న సీటు పోగొట్టుకుని దూరంగా ఉన్న కాలేజీలో చేరవలసి వచ్చింది. మేం ఏడో ఆప్షన్‌కు పైన ఉన్న ఆరింటిని మాత్రమే మళ్లీ పెట్టాం. అవి రాలేదు, ఉన్న సీటు ఉంది.

జాబితాలో దొర్లిన తొమ్మిది తప్పు అంకెలను చూపించి సగం డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగాను. సేవ మొత్తం అందించేశామని, వాపసు నిబంధన లేదని జవాబిచ్చారు. రసీదు మీద ఆ నిబంధన చిన్న అక్షరాలతో ఉన్న మాట నిజమే.

ఈ సేవకు నేను ఐదింటికి రెండు ఇస్తాను. ఆ రెండూ ధ్రువపత్రాల పరిశీలనకూ, రెండో విడత గురించి చేసిన హెచ్చరికకూ. ఆ రెండు పనులకు పదిహేను వందల రూపాయలు తీసుకున్నా ఇచ్చినవాళ్లకు నష్టం లేదు. ఆప్షన్ల జాబితా కోసం మాత్రం నేను ఎవరినీ అక్కడికి పంపను. ఇప్పటికే డబ్బు కట్టి జాబితా తెచ్చుకున్నవాళ్లు ఫ్రీజ్ చేసే ముందు చివరి ర్యాంకుల పట్టికను ప్రింట్ తీసుకుని, తమ పిల్లల కేటగిరీ గడి మీద స్కేలు పెట్టి ప్రతి అంకెనూ సరిచూసుకోవాలి. ఫీజు గడి దాకా వెళ్లి, రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలేదాన్ని నాలుగుతో గుణించి ఆ కాలేజీ పక్కనే రాసుకోవాలి.